చెత్తగుంత మీద రోడ్డు: తొమ్మిదేళ్లు నడిపాక నా అనుభవం

హైదరాబాద్ శివారులోని మా కాలనీ రోడ్డు మీద 2016 నుంచి రోజూ స్కూటర్ నడుపుతున్నాను. అందులో నలభై మీటర్లు పాత క్వారీ గుంత మీదుగా పోతుంది. ఆ గుంతను ఏళ్ల తరబడి చెత్తతో నింపి, పైన మొరం పరిచి, రోలర్ తిప్పి సీసీ రోడ్డు వేశారు. మొదటి రెండేళ్లు ఆ రోడ్డును తెగ పొగిడాను. వానొచ్చినా బురద లేదు, ధైర్యంగా రండని చుట్టాలకు చెప్పేవాణ్ని. బురద ఇప్పటికీ లేదు, ఆ మాట వరకు నిజమే.

నా బాధంతా ఒక్క మ్యాన్‌హోల్‌తో.

2018 వానలయ్యాక దాని మూత రోడ్డు కంటే బెత్తెడు ఎత్తున కనిపించింది. మూత పైకి లేచిందనే అందరం అనుకున్నాం. పనివాళ్లొచ్చి చుట్టూ సిమెంటు వాలుగా పూసి వెళ్లారు. మరుసటి ఏడాదికి అదీ పగిలింది. అప్పుడు పక్కింటి మేస్త్రీగారు అసలు సంగతి చెప్పారు. లేచింది మూత కాదు, దిగింది రోడ్డు. మ్యాన్‌హోల్ గొయ్యి కట్టడం, అంటే ఛాంబర్, అడుగున రాయి మీద కూర్చుంది కాబట్టి కదలదు, చుట్టూ ఉన్న చెత్త కుళ్లేకొద్దీ కుంగుతుంది. గుంత అంచు ఎక్కడుందో రోడ్డుకు అడ్డంగా పడిన పగులును చూస్తే తెలిసిపోతుందని కూడా చూపించారు.

2020 అక్టోబరు వానలకు అక్కడే నీళ్లు నిలిచాయి. మూత కనపడక మా ఆవిడ బండి దానికి తగిలి పడిపోయింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మురుగు పైపు కూడా నడుమ కుంగడంతో తవ్వక తప్పలేదు. జేసీబీ బకెట్‌లో పాలిథిన్ కవర్లు, సెలైన్ బాటిళ్లతో పాటు 1990ల నాటి తెలుగు పేపరొకటి వచ్చింది, అక్షరాలు చదవొచ్చు. గాలి తగలకపోతే కాగితం కూడా అంత మెల్లగా కుళ్లుతుంది. లోపల కుళ్లేది మాత్రం మీథేన్ వదులుతూనే ఉంటుంది. బీడీ ముట్టించబోయిన కూలీని ఆపరేటర్ కేకేసి ఆపాడు. గాలిలో ఆ గ్యాస్ 5 నుంచి 15 శాతం దాకా ఉంటే నిప్పురవ్వ చాలు.

తర్వాత ఆ ముక్క వరకు సీసీ తీసేసి ఇంటర్‌లాకింగ్ టైల్స్ పరిచారు. నాకు నిజంగా నచ్చింది ఇదే. కుంగినప్పుడల్లా టైల్స్ లేపి, కింద రాతి డస్ట్ పోసి చదును చేసి, అవే మళ్లీ పేరుస్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు చేశారు, ఒక్క పూట పని. సీసీ అయితే పగలగొట్టాల్సిందే.

ఢిల్లీలో యూఈఆర్-2 (అర్బన్ ఎక్స్‌టెన్షన్ రోడ్) రహదారికి ఘాజీపూర్ డంప్‌యార్డు గుట్ట చెత్త వాడారు కదా అని కొందరు నాతో వాదిస్తారు. అక్కడ పాత చెత్తను జల్లెడ పట్టి, ప్లాస్టిక్ లాంటివి వేరు చేశాక మిగిలిన మట్టిలాంటి దాన్ని రోడ్డు కింది కట్టకు వాడారు. మా గుంతలో ఎవరూ జల్లెడ పట్టలేదు.

మాది చిన్న వీధి, వాటర్ ట్యాంకరే పెద్ద బండి. టిప్పర్లు తిరిగే చోట టైల్స్ ఆగుతాయని నేను చెప్పలేను. కారులో వెళ్లేవాళ్లకు ఈ ఎత్తుపల్లాల తేడా అంతగా తెలియకపోవచ్చు కూడా.

ఈ వానాకాలం ముందు మ్యాన్‌హోల్ రింగు మీద రోడ్డు మట్టానికి పెయింటుతో గీత పెట్టాను. మొన్న చూస్తే రోడ్డు గీతకు రెండు వేళ్లు కిందికి దిగింది. టైల్స్ మళ్లీ లేపాలి.