నెల్లూరులో అద్దెకిచ్చే శివాజీ సెట్టు: ఏది వాడాలి, ఏది వెనక్కివ్వాలి

నెల్లూరు చిన్నబజారు దగ్గర సందులో ఉన్న వేషాల సామాను షాపులో శివాజీ సెట్టు అద్దె రోజుకు 600 రూపాయలు, డిపాజిట్ 1,500. ఏకపాత్రాభినయానికీ ఫ్యాన్సీ డ్రెస్సుకీ స్కూళ్ల వాళ్లు తెగ పట్టుకెళ్తారు. గుడ్డ మంచిది, కుట్టు గట్టిది. చిక్కల్లా ఒక్కటే. శివాజీ పుట్టింది మొదలు సింహాసనం మీదే కూర్చున్నాడన్నట్టు సెట్టు తయారుచేశారు. రాయగఢ్‌లో పట్టాభిషేకం జరిగింది 1674 జూన్ 6న, అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఆ తర్వాత బతికింది ఆరేళ్లు కూడా లేదు. పిల్లలు ఎక్కువగా వేసేవేమో బీజాపూర్ సేనాని అఫ్జల్ ఖాన్‌ను చంపే ఘట్టం, ఆగ్రా ఘట్టం. రెండూ అంతకు ముందువే. కాబట్టి సంచిలో ఉన్నదంతా ఒంటికి తగిలించకుండా ఘట్టాన్ని బట్టి విడదీసి వాడుకోవాలి.

తలపాగా ముందే చుట్టి కుట్టేసింది, పైన తురాయి, చుట్టూ ముత్యాల సరం. చుట్టుకొలత 22 అంగుళాలు. పదేళ్లలోపు పిల్లలకు వదులై, మొదటి డైలాగుకే కళ్ల మీదికి జారుతుంది. లోపల వెనకవైపు మాత్రమే స్పాంజి ముక్క పెట్టాలి. చుట్టూ పెడితే పాగా పైకి లేచి టోపీలా కనిపిస్తుంది.

అంగరఖా, అంటే పొడవాటి పైఅంగీ, ముఖమల్‌ది. కట్టుకునే ముడులు ఉత్తుత్తివి, అసలు పట్టు వెనక వెల్‌క్రోతో. పైగా ముడులు కుడివైపు కుట్టారు. ఆ కాలంలో హిందువులు ఎడమ చంక కింద, ముస్లింలు కుడి చంక కింద ముడి వేసుకునేవాళ్లు. దీన్ని విప్పి మళ్లీ కుట్టడం మన పని కాదు. కుడి భుజం మీద నుంచి జరీ ఉత్తరీయం వేసి, నడికట్టులో దోపితే ముడులు కనపడవు. ఆగస్టు పదిహేను పోటీలకైతే ముఖమల్ వద్దనండి. నెల్లూరు ఉక్కకు లైట్ల కింద పిల్లవాడు పది నిమిషాలు నిలబడలేడు. అడిగితే తెల్ల కాటన్ అంగరఖా ఇస్తారు, అదే అద్దె. చూడ్డానికీ అదే నయం.

భుజకీర్తులు కూడా సంచిలో పడేస్తారు. రాయబారం దుర్యోధనుడివి అవి! అక్కడికక్కడే వెనక్కివ్వండి.

గడ్డం సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. వల మీద కుట్టిన నిండు గడ్డం ఇస్తున్నారు, ఒక్కోసారి నెరిసింది. శివాజీ 1680 ఏప్రిల్‌లో యాభై ఏళ్లకే పోయాడు, అఫ్జల్ ఖాన్ నాటికి 29. ఏ ఘట్టానికైనా నల్లదే తీసుకోండి. పాత చిత్రాల్లో గడ్డం చెంపల మీద పలచగా దిగి, చుబుకం కింద కొసదేరి ఉంటుంది. వల గడ్డానికి ఎలాస్టిక్ తాడు చెవుల దగ్గర కనపడుతుంది, మాట్లాడితే నోటికి అడ్డం పడుతుంది. క్రేపు, అంటే విడి జుట్టు, అడిగి తీసుకుని స్పిరిట్ గమ్ అనే మేకప్ జిగురుతో అతికించడం మేలు. గమ్ రాయగానే అతికిస్తే చెమటకు జారుతుంది. వేలితో తడుతూ జిగురు సాగేదాకా ఆగి, అప్పుడు క్రేపు పెట్టాలి. తీసేటప్పుడు లాగకూడదు, కొబ్బరినూనె పట్టించి వదులు చేయాలి. చిన్నపిల్లలకు గమ్ మాటే వద్దు, కాటుక పెన్సిల్‌తో గీస్తే సరిపోతుంది.

సెట్టు అన్నిటికంటే కుదరనిది అఫ్జల్ ఖాన్ ఘట్టానికే. 1659 నవంబరు 10న ప్రతాప్‌గఢ్ కింద ఖానును కలవడానికి వెళ్లినప్పుడు శివాజీ ఇనుప గొలుసు కవచాన్ని అంగీ కింద వేసుకున్నాడు, పాగా కింద ఇనుప టోపీ పెట్టుకున్నాడు. అంటే పైకి కనిపించాల్సింది మామూలు బట్టలే. షాపువాళ్లేమో వెండి రంగు ప్లాస్టిక్ కవచం పైన కట్టమని ఇస్తారు. కవచం కనపడ్డాక ఇక ఖాను కౌగిలించుకుంటాడా? పులిగోళ్లదీ అదే వరస. చేతికి తొడుక్కునే గ్లౌజుకు బయటికి పొడుచుకొచ్చిన గోళ్లు అంటించారు, ఎలుగుబంటి పంజాలా. అసలు పులిగోళ్లలో (వాఘ్ నఖ్) పట్టీ అరచేతి వైపు ఉంటుంది, రెండు కొసల్లో ఉన్న ఉంగరాల్లోకి చూపుడువేలు, చిటికెనవేలు దూరుతాయి, గోళ్లు పిడికిట్లో దాగుతాయి. పైకి కనిపించేవి రెండు ఉంగరాలే. అట్టముక్కకు వెండి కాగితం చుట్టి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎడమచేతికి పెట్టాలి, కుడిచేతికి బిచ్వా అనే చిన్న వంకర బాకు. నడుముకు వేలాడే పెద్ద కత్తి ఈ ఘట్టంలో చేతికి తగలనే కూడదు.

ఆ కత్తి మాత్రం బాగుంది. రేకుది, అంచు మడిచారు, గీరుకోదు. ఒర వదులు, దారం కట్టకపోతే వంగినప్పుడు జారిపడుతుంది.

ఆగ్రా ఘట్టానికి ముత్యాల దండలన్నీ తీసేసి ఒక్కటి ఉంచండి. 1666 మే 12న ఔరంగజేబు దర్బారులో మన్సబ్దార్ల, అంటే మొగలు కొలువులోని హోదాదార్ల, వరసలో నిలబెట్టడమే ఆ ఘట్టంలో అవమానం. రాజులా మెరిసిపోతుంటే ఆ కోపం అతకదు. సన్యాసి వేషంలో తప్పించుకునే భాగానికి కాషాయ బట్టకు షాపులో వేరే 100 అడుగుతారు, ఇంట్లో ఉన్న కావి పంచె చాలు.

పట్టాభిషేకానికైతే సెట్టు సెట్టంతా వాడొచ్చు. ఛత్రపతి అన్న పేరులోనే గొడుగుంది కాబట్టి తెల్ల గొడుగు కూడా ఇస్తారు, 150 అదనం. ఏకపాత్రాభినయంలో పట్టుకునే మనిషి ఉండడు. కుర్చీ వెనక్కి కట్టే ఏర్పాటు చేసుకుంటేనే తీసుకోండి.

ఎవరూ అడగని ఘట్టం ఒకటుంది, 1677 దక్షిణ దండయాత్ర. గోల్కొండలో కుతుబ్‌షాతో ఒప్పందం చేసుకుని, శ్రీశైలం వెళ్లి, అక్కణ్నుంచి వెళ్లి తమిళదేశంలోని జింజి కోట పట్టుకున్నాడు. దోర్నాల నుంచి ఘాట్ ఎక్కితే వచ్చే శ్రీశైలమే, మన పిల్లలకు చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. దీనికి తెల్ల అంగరఖా, పాగా, కత్తి, నుదుట విభూతి చాలు. విడిగా తీసుకుంటే 350 అవుతుంది.

తిరిగిచ్చేటప్పుడు తురాయి విరిగితే 200, ముఖమల్‌కు గమ్ మరక పడితే 300 కోస్తారు. తీసుకునేటప్పుడే అక్కడ ఫోనులో ఫొటోలు తీసుకోండి. పాత మరకలు చాలా ఉన్నాయి.