పాత ట్రాక్టరుకు ఏది మేలు: సికిల్ బారా, డిస్క్ మోవరా?

షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ట్రాక్టరును మళ్ళీ నడిపించాలనుకునేవాళ్ళు దాదాపు అందరూ ఇంజిన్ దగ్గరే మొదలుపెడతారు. బోరింగ్ చేయించాలా, పిస్టన్లు మార్చాలా, నాజిళ్ళు కొత్తవి వేయాలా అని లెక్కలు వేస్తారు. వెనక తుప్పు పట్టి ఉన్న గడ్డికోత బార్ (సికిల్ బార్) సంగతి చివర్లో చూద్దామంటారు. నా ఉద్దేశంలో ఈ వరుస తిరగబడాలి. గడ్డి దేనితో కోస్తామో ముందు తేలితే, ఇంజిన్‌కు ఎంత పని చేయించాలో దాన్నిబట్టి తేలుతుంది.

ఉన్న సికిల్ బార్‌ను బాగుచేసుకోవడం ఒక దారి. దాన్ని పక్కనపెట్టి డిస్క్ మోవర్ కొనడం ఇంకో దారి. రోటరీ స్లాషర్ అనే మూడో దారి కూడా ఉంది కానీ, అది పొలం శుభ్రం చేయడానికి తప్ప మేతకు పనికిరాదు. గడ్డిని ముక్కలుగా చితక్కొట్టి వదిలేస్తుంది, ఆ ముక్కల్ని పోగుచేసి ఎండబెట్టడం అయ్యే పని కాదు. కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

సికిల్ బార్ కత్తెరలా కోస్తుంది. అటూ ఇటూ కదిలే త్రికోణపు బ్లేడు ఒకవైపు, కదలని గార్డు అంచు ఇంకోవైపు, మధ్యలో గడ్డి పరక. వరికోత మిషన్ ముందు ఉండేదీ ఇలాంటి బారే. డిస్క్ మోవర్‌లో ఆ రెండో అంచు ఉండదు. చిన్న బ్లేడ్లు విపరీతమైన వేగంతో తిరుగుతూ గడ్డిని కొట్టి తెంపుతాయి. ఆ వేగానికి కావలసిన శక్తంతా ఇంజిన్ నుంచే రావాలి. మీటరు వెడల్పుకు సికిల్ బార్‌కు సుమారు 1.2 కిలోవాట్లు సరిపోతే, డిస్క్‌కు సుమారు 5 కిలోవాట్లు కావాలి. అంటే 7 అడుగుల సికిల్ బార్‌ను తిప్పడానికి మూడున్నర హార్స్ పవర్ చాలు, అదే వెడల్పు డిస్క్‌కు 14 కావాలి. ఇది కోతకు మాత్రమే. ట్రాక్టరు నడవడానికి, మెరక ఎక్కడానికి, దట్టమైన గడ్డిలో తట్టుకోవడానికి పట్టే శక్తి వేరే. ఆచరణలో ఆ సైజు డిస్క్‌కు 40 హార్స్ పవర్ దగ్గరి ట్రాక్టరు ఉంటే గానీ నిశ్చింత ఉండదు.

1947లో వచ్చిన ఫార్మాల్ కబ్ ట్రాక్టరుకు పది హార్స్ పవర్ కూడా లేదు. అయినా దానికి సికిల్ మోవర్ తగిలించి దర్జాగా గడ్డి కోసేవాళ్ళు. ఫెర్గూసన్ టీఈ20, ఫోర్డ్ 8ఎన్ లాంటివీ ముప్పై లోపువే. బరువు కూడా చూడాలి. 8ఎన్ మొత్తం బరువే ఒక టన్ను పైచిలుకు. అలాంటి దాని వెనక, ఒకపక్కకు వేలాడే డిస్క్ మోవర్‌ను ఎత్తితే లిఫ్టుకూ కష్టం, స్టీరింగుకూ కష్టం, వాలు నేల మీద మనిషికీ ప్రమాదం.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. సికిల్ బార్‌తోనే కోయాలని నిర్ణయించుకుంటే, కాస్త అరిగిన ఇంజిన్ కూడా చాలు. నీలి పొగ కొంచెం వచ్చినా, కొంత బలం తగ్గినా కోత ఆగదు. డిస్క్ కొనాలనుకుంటే మాత్రం ఇంజిన్ తన పూర్తి శక్తిని ఇవ్వాల్సిందే, అంటే ఓవర్‌హాల్ ఖర్చు కూడా డిస్క్ ధరకు కలపాలి. ఈ లెక్క చాలామంది వేయరు.

ఇంజిన్ పట్టేసి ఉంటే వెంటనే హెడ్ విప్పాల్సిన పని లేదు. నడుస్తూ వేడెక్కి పట్టేసిందా, నిలిపి ఉంచినప్పుడు తుప్పుతో పట్టేసిందా అన్నది ముందు తెలుసుకోవాలి. మొదటిదైతే విప్పక తప్పదు. రెండోదైతే ప్లగ్గులో నాజిళ్ళో తీసి, సిలిండర్లలోకి తుప్పు వదిలించే ఆయిల్ పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత ఫ్లైవీల్‌ను చేత్తో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. ఇంకో ట్రాక్టరుతో లాగించి బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు, వాల్వు పట్టేసి ఉంటే పుష్ రాడ్ వంగవచ్చు. తిరగడం మొదలయ్యాక పాత ఆయిల్ దించి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి. తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) కొలవండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే చాలావరకు వాల్వుల దగ్గర లీకు. సికిల్ బార్ కోసమైతే రింగులు కొన్నాళ్ళు ఆగవచ్చు. వాల్వులు సానపట్టించడం తక్కువ ఖర్చు, ముందు అది చేయించడం మేలు.

పెట్రోలు ఇంజిన్ అయితే ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం పారబోసి, కార్బొరేటర్ శుభ్రం చేసి, ఇగ్నిషన్ పాయింట్లకు పట్టిన పొర గీకితే చాలాసార్లు స్టార్ట్ అవుతుంది. డీజిల్ అయితే ఫిల్టర్లు మార్చి, లైనులో గాలి తీయాలి.

పీటీఓ, అంటే వెనక యంత్రాలకు ఇంజిన్ శక్తిని అందించే షాఫ్టు విషయంలో సికిల్ బార్‌కూ డిస్క్‌కూ తేడా ఉంది. చాలా పాత ట్రాక్టర్లలో పీటీఓ గేర్‌బాక్స్ ద్వారానే తిరుగుతుంది. క్లచ్ తొక్కితే చక్రాలతో పాటు పీటీఓ కూడా ఆగుతుంది. వెనక బరువుగా తిరిగే యంత్రం ఉంటే, క్లచ్ తొక్కినా దాని ఊపు గేర్‌బాక్స్ మీదుగా ట్రాక్టరునే ముందుకు తోస్తుంది. బ్రేకు వేసినా వెంటనే ఆగదు. స్లాషర్‌తో ఈ ప్రమాదం చాలా ఎక్కువ, యంత్రం ఊపు తిరిగి ట్రాక్టరుకు చేరకుండా ఆపే ఓవర్‌రన్నింగ్ కప్లర్ లేకుండా వాడనే వాడకూడదు. సికిల్ బార్‌లో అంత ఊపు ఉండదు, అది దాని సుగుణం. కానీ గడ్డి ఇరుక్కున్నప్పుడు క్లచ్ తొక్కి ట్రాక్టరును ఆపి, కత్తిని (బ్లేడ్లన్నీ బిగించి ఉండే పట్టీని) మాత్రం ఆడిస్తూ ఉంచే వీలు ఈ ట్రాక్టర్లలో ఉండదు. ఇది నిజంగా విసుగే. ఫోర్డ్ ఎన్ సిరీస్ ట్రాక్టర్ల పీటీఓ షాఫ్టు 1 1/8 అంగుళాలే, ఇప్పటి యంత్రాలకు 1 3/8 అంగుళాలది కావాలి. అడాప్టర్ వేస్తే సరిపోతుంది.

సికిల్ బార్ బాగుచేయడమంటే బ్లేడ్లు సానపట్టడమే అనుకోవడం వల్లే దానికి చెడ్డపేరు వచ్చింది. అమరిక కుదరకపోతే ఎంత పదునైన బ్లేడైనా గడ్డిని నమిలేస్తుంది. ముందు కత్తి మొత్తం బయటికి లాగి, బల్ల మీద పెట్టి, వంపు ఉంటే సరిచేయాలి. గార్డుల కొనలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం కట్టి చూడాలి, వంగినవాటిని సుత్తితో మెల్లగా తట్టి సరిచేయాలి. గార్డు లోపల ఉండే చిన్న ఉక్కు పలకల అంచులు గుండ్రమైపోయి ఉంటే కొత్తవి వేయాలి. కత్తెరకు రెండో అంచు అదే మరి. కత్తిని పైనుంచి అదిమి పట్టే క్లిప్పులకూ బ్లేడుకూ మధ్య కాగితం పట్టేంత సందు చాలు. అన్నీ బిగించాక పిట్మన్ (మోవర్ ఫ్లైవీల్ నుంచి కత్తిని అటూ ఇటూ ఆడించే కడ్డీ) తగిలించకుండా కత్తిని చేత్తో తోస్తే జారాలి. జారకపోతే ఎక్కడో పట్టేస్తోందని అర్థం.

తర్వాత రెండు కొలతలు. కత్తి ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిగేది 3 అంగుళాలు. రెండు కొసల దగ్గరా ప్రతి బ్లేడూ గార్డుకు సరిగ్గా మధ్యలో ఆగాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వస్తే గడ్డి తెగకుండా వంగిపోతుంది. రెండోది, బార్ బయటి కొన లోపలి కొన కంటే కాస్త ముందుకు ఉండాలి. మీటరుకు సుమారు 2 సెంటీమీటర్లు లెక్క. కోస్తున్నప్పుడు గడ్డి ఒత్తిడికి బార్ వెనక్కి వంగుతుంది, ఈ ముందంజ ఉంటేనే అది పనిలో తిన్నగా నిలబడుతుంది.

బ్లేడ్లు బాగా అరిగితే సానపట్టడం కంటే మార్చడమే మంచిది. మెత్తటి మేతగడ్డికి నునుపు అంచు, గట్టి కాడలకు పళ్ళున్న అంచు. రివెట్ల కంటే బోల్టులు మేలు, పొలంలో బ్లేడు విరిగితే అక్కడే మార్చుకోవచ్చు. పాత మోవర్లలో ఉండే కర్ర పిట్మన్‌ను ఇనుముతో మార్చాలన్న ఆలోచన మానుకోండి. రాయి తగిలినప్పుడు కర్ర విరిగి, గేర్లనూ కత్తినీ కాపాడుతుంది. అది ఉన్నదే అందుకు.

డిస్క్ గెలిచే చోటు కూడా చెప్పాలి. పడిపోయిన గడ్డి, అల్లుకుపోయిన తీగజాతి మేత, చీమల పుట్టలున్న నేల సికిల్ బార్‌కు నరకం. డిస్క్ వాటిని లెక్కచేయదు. సికిల్‌తో గంటకు 6 కిలోమీటర్ల దగ్గర నడిస్తే, మలుపులు పోను రెండున్నర ఎకరాలు కోయవచ్చు. డిస్క్‌తో దానికి రెట్టింపు. యాభై ఎకరాల గడ్డి ఉండి, వాన వచ్చేలోపు ఎత్తాలంటే నేనైతే సికిల్ బార్ జోలికి వెళ్ళను. అప్పుడు పాత ట్రాక్టరును కూడా నమ్ముకోను. పదిహేను ఎకరాల లోపైతే సికిల్ బార్‌నే బాగుచేయిస్తాను. మోవర్ గేర్‌బాక్స్ పగిలిపోయి, దానికి సరిపడే సామాను ఎక్కడా దొరకకపోతే మాత్రం డిస్క్ కాకుండా నడుస్తున్న ఇంకో పాత సికిల్ మోవర్‌నే వెతుక్కుంటాను.

బాగుచేసిన బార్‌ను మొదటిసారి తిప్పేటప్పుడు చుట్టూ ఎవరూ లేకుండా చూసి, ఇంజిన్ తక్కువ వేగంలోనే ఉంచండి. పావుగంట తర్వాత ఇంజిన్ పూర్తిగా ఆపి, పిట్మన్ బేరింగుల మీద చేయి పెట్టండి. చేయి ఆన్చలేనంత వేడి ఉంటే గ్రీజు అందడం లేదు, లేదా కత్తి ఎక్కడో పట్టేస్తోంది. చూసేటప్పుడు వేళ్ళు బార్‌కు దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆగి ఉన్నా, ఎవరైనా మోవర్ ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పితే ఆ కత్తి వేలిని కోసేస్తుంది.