తిరిగే గాలిమరా, మడతల చక్రమా: క్రిస్మస్ అలంకరణకు ఏది మేలు?

డిసెంబరు మొదటి వారంలో గుమ్మానికి నక్షత్రం కట్టగానే మా పిల్లలు రంగు కాగితాలు ముందేసుకుని కూర్చుంటారు. కాగితపు గాలిమరలు చేయాలని వాళ్ల పట్టు. ఆ పేరుతో చేసేవి నిజానికి రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి, చదరపు కాగితాన్ని నాలుగు మూలల నుంచి కత్తిరించి గుండుసూదితో పుల్లకు గుచ్చేది, గాలికి తిరుగుతుంది. రెండోది, విసనకర్రలా మడతలు పెట్టి గుండ్రంగా విప్పేది. తిరగదు, గోడను అంటిపెట్టుకుని ఉంటుంది. గోడలకూ తలుపులకూ ఈ రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం.

కారణం తేలికే. తిరిగేదానికి గాలి కావాలి, వెనక కాస్త ఖాళీ కావాలి. గోడకు అంటిస్తే రెండూ ఉండవు. తిరగని గాలిమర రెండు రోజుల్లో రెక్కలు వాల్చి దిగాలుగా కనిపిస్తుంది. మడతల చక్రం అలా కాదు. సాయంత్రం దీపం వెలుగు పక్క నుంచి పడితే ఒక్కో మడతకు ఒక్కో నీడ వస్తుంది, తెల్ల కాగితమైనా సరే.

చాలామందికి ఇది కుదరకపోవడానికి కారణం చేతి నేర్పు లేకపోవడం కాదు, కొలత. ఏ4 కాగితాన్ని పొట్టి అంచుకు సమాంతరంగా ఒకటిన్నర సెంటీమీటరు మడతలు పెడితే 21 సెం.మీ. పొడవు కట్ట వస్తుంది. నడుమ దారం బిగించి రెండు వైపులా విప్పితే 21 సెం.మీ. చక్రం కావాలి. దాని చుట్టుకొలత 66 సెం.మీ. మన దగ్గరున్న పొడుగు అంచులు రెండూ కలిపినా 59 మాత్రమే! ఎంత లాగినా మూసుకోదు, చిరుగుతుంది. అందుకే రెండు కాగితాలు తీసుకుని, ఒక్కోదాన్ని అరచక్రంగా విప్పి జత చేయాలి. అప్పుడు మడతలు నిండుగా నిలబడతాయి.

కాగితం పలచగా, గట్టిగా ఉండాలి. చార్టు మడత దగ్గర తెల్లగా పగులుతుంది, క్రేపు కాగితం మడతే నిలుపుకోదు. మామూలు రంగు ఏ4 చాలు.

జిగురు విషయంలో తొందర వద్దు. మొదటి ఏడాది ఫెవికాల్ రాసి, తడి ఆరకముందే గోడకు ఎక్కించాను. రాత్రి క్యారల్స్ పాడేవాళ్లు గుమ్మంలోకి వచ్చే వేళకు ఏడింటిలో మూడు విచ్చుకుని నేలమీద పడి ఉన్నాయి. ఇప్పుడు ప్రతి అతుకుకూ బట్టల క్లిప్పు పెట్టి, రాత్రంతా అలాగే వదిలేస్తాను. చివరి అతుకుకు మాత్రం జిగురు బదులు కాగితాల క్లిప్పు వాడతాను. పండగయ్యాక క్లిప్పు తీస్తే చక్రం మళ్లీ కట్టలా ముడుచుకుంటుంది. పుస్తకాల మధ్య దాచి మరుసటి ఏడాది వాడుకోవచ్చు.

తిరిగే గాలిమరకు తగిన చోటు వరండా. పశువుల పాక బొమ్మ పక్కన పూలకుండీలో రెండు గుచ్చితే వచ్చిన ప్రతి పిల్లా ఊది చూడాల్సిందే. ఒకవైపే ఎరుపున్న గ్లేజు కాగితం దీనికి సరిగ్గా సరిపోతుంది. 15 సెం.మీ. చదరం కత్తిరించి, మూలల నుంచి కోస్తూ నడుమ 2 సెం.మీ. వదలండి. వచ్చిన ఎనిమిది మొనల్లో ఒకటి విడిచి ఒకటి మధ్యకు వంచితే వెనక తెలుపు బయటపడి, ఎరుపూ తెలుపూ కలిసి తిరుగుతాయి. కాగితానికీ పుల్లకూ మధ్య ఒక పూస తప్పక వేయండి. పూస లేకపోతే కాగితం పుల్లకు రాసుకుని ఆగిపోతుంది. సూది మొన వెనక్కి పొడుచుకువస్తే వంచేయండి. పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరవకూడదు.

దీనికి శత్రువు మంచు. తెల్లవారేసరికి రెక్కలు తడిసి మెత్తబడతాయి, ఎండినా మళ్లీ బిగువు రాదు. రాత్రి పడుకునే ముందు కుండీలతో సహా లోపల పెట్టేయడమే మా ఇంటి పద్ధతి. ఆ పని మా చిన్నవాడిది.