ఒకే పడకగది, రెండు లేత రంగులు

మా పడకగదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. 2019లో ఆ గదికి లేత బూడిద జీర ఉన్న ఆఫ్‌వైట్ వేయించాం. షేడ్ కార్డులో మల్లెపువ్వులా ఉంది. గోడకెక్కాక పగలంతా నీలంగా కనిపించేది. అమ్మ గుమ్మంలోంచే చూసి "సున్నంలో నీలిమందు ఎక్కువైనట్టుందిరా" అంది. ఉత్తరం కిటికీలోంచి వచ్చేది చాలావరకు ఎండ కాదు, ఆకాశపు వెలుతురు. దాంట్లోనే నీలం ఉంటుంది, బూడిద జీర దాన్ని ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఈ సంగతి మాకు డబ్బులు కట్టాక తెలిసింది. రాత్రి 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ట్యూబు, అంటే నీలం జీర ఉన్న తెల్ల లైటు, వేస్తే అచ్చం నర్సింగ్‌హోమ్ గదే.

అయినా నాలుగేళ్లు వాడాం. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఫ్యాన్ దుమ్ము పట్టినా ఆ గోడ మీద తెలిసేది కాదు.

2023లో ఐవరీకి, అంటే లేత పసుపు జీర ఉన్న తెలుపుకి, మారాం. ఈసారి బుద్ధొచ్చి చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, ప్రైమర్ కొట్టిన గోడ మీద రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, మూడు రోజులు పగలూ రాత్రీ చూశాం. "పెళ్లిచూపులకి కూడా ఇంత చూడరు సార్" అన్నాడు పెయింటర్.

ఐవరీ ఆ గదికి బాగా కుదిరింది. పొద్దున లేచేసరికి గోడ చల్లగా కాకుండా కాస్త వెచ్చగా కనిపిస్తుంది. ట్యూబు కింద దాదాపు తెలుపే. పసుపు బల్బు వేస్తే మాత్రం వెన్నముద్ద. తెల్లటి స్విచ్‌బోర్డుల పక్కన కొంచెం మాసినట్టుంటుంది, అది నాకు ఇప్పటికీ నచ్చదు.

అసలు తలనొప్పి మంచం తలవైపు. ఆనుకుని కూర్చునే చోట అరచెయ్యంత కొబ్బరినూనె మరక పడింది. తడిగుడ్డతో రుద్దితే మరక పోలేదు కానీ ఆ మేర గోడ నున్నబడి మెరుస్తోంది. మిగిలిన రంగు పూస్తే అతుకు వేసినట్టయింది. ఇది రంగు తప్పు కాదు, మెరుపు లేని మ్యాట్ ఫినిష్ తీసుకున్న నా తప్పు. కాస్త మెరుపుండే శాటిన్ అయితే తుడిస్తే చాలావరకు పోయేది.

ఇప్పుడు హాలు వంతు. అక్కడ సాయంత్రం పడమటెండ సూటిగా పడి, ఉన్న క్రీమ్ గోడలు పసుపుపచ్చగా మారిపోతాయి. అందుకే దానికి ఆ పాత బూడిద ఆఫ్‌వైటే అనుకుంటున్నాం. షేడ్ కోడ్ రాసిన డబ్బా మూత అటక మీద దొరికింది. ఈసారి కూడా ముందు రెండడుగులే.