శుక్రవారం నుంచి ఆదివారం దాకా యెరూషలేములో

మా తెనాలి వైపు చర్చిల్లో యెరూషలేము యాత్ర అనేది జీవితంలో ఒక్కసారైనా తీరాల్సిన కోరిక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయంతో వెళ్లొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మేం సొంత ఖర్చుతో 2019 నవంబరులో ఒక టూర్ బృందంతో వెళ్లాం, నేనూ అమ్మా. బృందంతో ఉన్నన్నాళ్లూ బస బేత్లెహేములోనే. అక్కడ గదులు చవక, గది శుభ్రంగానే ఉంది. కానీ రోజూ పొద్దున్నే చెక్‌పోస్టు దాటి నగరానికి రావాలి. పవిత్ర సమాధి చర్చికి 40 నిమిషాలు, యూదులు ప్రార్థించే పశ్చిమ గోడకు 20 నిమిషాలు ఇచ్చారు. ముస్లింల అల్ అక్సా ప్రాంగణంలోని బంగారు గోపురాన్ని ఒలీవల కొండ మీద నుంచే చూపించి ఫొటోలు తీసుకోమన్నారు.

"ఏసయ్య సమాధి దగ్గర మోకాళ్లూనే టైమన్నా ఇవ్వలేదురా," అంది అమ్మ బస్సెక్కి. మా ఇద్దరి తిరుగు టికెట్లూ ముందే సోమవారానికి వేయించి ఉంచాను. బుధవారం బృందం వెళ్లిపోయింది, మేం ఆగిపోయాం.

ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: గురువారం నుంచి సోమవారం దాకా ఉండండి. శుక్రవారం మధ్యాహ్నం ముస్లింల జుమా నమాజు. అదే సాయంత్రం పొద్దు గూకగానే యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలై శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. ఆదివారం మనది. చదరపు కిలోమీటరు కూడా లేని ప్రాకారాల ఊళ్లో ఈ మూడూ వరసగా వస్తాయి. (ఇది 2019 నాటి మాట. 2023 అక్టోబరు తర్వాత అక్కడి పరిస్థితి వేరు. టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి.)

గురువారం ఎందుకంటే, ముస్లింలు కానివాళ్లను అల్ అక్సా ప్రాంగణంలోకి ఆదివారం నుంచి గురువారం వరకే, అదీ కొన్ని గంటలే పంపిస్తారు. పశ్చిమ గోడ పక్కనున్న చెక్క వంతెన మీదుగా ఎక్కాలి. వేరే మతగ్రంథాలు తేనివ్వరని తెలిసి అమ్మ తెలుగు బైబిల్‌ను గదిలోనే పెట్టించాను. టికెట్ లేదు, పాస్‌పోర్టు మాత్రం ఉండాలి. మోకాళ్లూ భుజాలూ కప్పుకోవాలి. గోపురం లోపలికి మనకు ప్రవేశం లేదు, చుట్టూ తిరిగి చూడొచ్చు.

ఖలీఫా అబ్దుల్ మలిక్ 691-92లో కట్టించిన ఆ గోపురం కింద ఉన్నది ఒక బండ. మేరాజ్ రాత్రి ప్రవక్త ముహమ్మద్ మక్కా నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచే ఆకాశాలకు ఎక్కారని, అయిదు పూటల నమాజు ఆ రాత్రే విధిగా అయిందని ముస్లింల విశ్వాసం. 624లో మక్కా వైపు తిరిగేదాకా నమాజుకు దిక్కు యెరూషలేమే. మూసా (మోషే), ఈసా (యేసు) కూడా వాళ్లకు ప్రవక్తలే. అయితే ఈసా మరియమ్మ కుమారుడు, దేవుడికి కుమారుడు లేడు అని ఆ గోపురం లోపలే అరబ్బీలో రాసి ఉంది. ఇస్లాంకూ మన విశ్వాసానికీ దారులు చీలేది సరిగ్గా అక్కడే. యూదులకేమో ఆ కొండే మోరీయా, సొలొమోను ఆలయం ఉన్న చోటు. దాన్ని క్రీ.పూ. 586లో బబులోను వాళ్లు కూల్చారు. రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. బలులు ఆగిపోయాయి, వాటి స్థానంలో ప్రార్థన, ధర్మశాస్త్ర పఠనం నిలిచాయి. ఆ ఆలయ ప్రాంగణానికి హేరోదు కట్టించిన ఆనుగోడలో మిగిలిన భాగమే కింద కనిపించే పశ్చిమ గోడ. అమ్మ తెలుగులో చీటీ రాసి రాళ్ల సందులో పెట్టింది.

మొదటి మూడు రాత్రులు ప్రాకారాల బయట, యాఫా రోడ్డు దగ్గర, యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ హోటల్లో ఉన్నాం. గది చిన్నది, అద్దె ఎక్కువ, అయినా ఆ విశ్వాసం రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో చూడాలంటే ఇలాంటి చోట ఒక్క షబ్బాతైనా గడపాలి. రాత్రి భోజనంలో మాంసం ఉంటే టీలోకి పాలు ఇవ్వరు. నేను కారణం వెతుకుతుంటే అమ్మే చెప్పింది: "మేకపిల్లని తల్లి పాలల్లో వండకూడదని నిర్గమకాండంలో ఉందిగా." గది గుమ్మానికున్న చిన్న గొట్టంలో ఏముందంటే, దేవుడొక్కడే అని చెప్పే ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం వాక్యాలు. అవి ఆమెకు కంఠతా వచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం దమస్కు ద్వారం మెట్ల మీద కూర్చున్నాం. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆకుకూరలు అమ్ముతున్నారు. వాళ్లను దాటుకుంటూ జనం ఏరులా నమాజుకు వెళ్లారు. నువ్వులద్దిన పొడవాటి రొట్టె అక్కడే కొనండి, వేడిగా ఉంటుంది. సాయంత్రం షబ్బాత్ వచ్చిందని సైరన్ మోగింది. ట్రామ్ ఆగిపోయింది, దుకాణాలు మూశారు. గోడ దగ్గర కుర్రాళ్లు భుజాల మీద చేతులేసుకుని పాడుతున్నారు. ఆ పూట ఫొటోలు తీయకూడదు. ఆడవాళ్ల వైపు వెళ్లిన అమ్మ చాలాసేపటికి గానీ రాలేదు.

శనివారం బస మార్చడం నా పొరపాటు. బస్సుల్లేవు, ట్రామ్ లేదు. ఇక్కడ వృద్ధుల సంరక్షణ పనిచేసే నిజామాబాద్ తమ్ముడొకడు సెలవురోజని కలిసి, అరబ్ టాక్సీలు నడుస్తాయని చెప్పి ఒకటి మాట్లాడిపెట్టాడు. టాక్సీ ద్వారం దాకానే వస్తుంది, ఆ తర్వాత రాళ్ల మెట్ల మీద పెట్టె మోయాలి. మీరు శుక్రవారం పొద్దున్నే మారిపోండి, లేదా ఆదివారం దాకా ఆగండి.

మిగతా రెండు రాత్రులు, యేసు సిలువ మోసుకెళ్లాడని నమ్మే శిలువ మార్గం మీదున్న ఆస్ట్రియన్ హాస్పీస్‌లో. 1863లో యాత్రికుల కోసం తెరిచిన సత్రం ఇది. మా బసలన్నిటిలో దీనికే నా ఓటు. మేడ ఎక్కితే బంగారు గోపురమూ సమాధి చర్చి గోపురాలూ ఒకే చూపులో కనిపిస్తాయి.

ఆదివారం తెల్లవారకముందే సమాధి చర్చికి నడిచాం. 335లో ప్రతిష్ఠించిన ఈ చర్చిని గ్రీకు, కాథలిక్, అర్మేనియన్, కాప్టిక్, సిరియన్, ఇథియోపియన్ సంఘాలు పంచుకుంటాయి. తలుపు తాళం మాత్రం శతాబ్దాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది. నిచ్చెన వేసుకుని పై తాళం తీయడం కళ్లారా చూశాం. ఆ వేళ క్యూ లేదు. అమ్మ మోకాళ్లూనింది, ఎవరూ తొందరపెట్టలేదు. యేసు యూదుడిగా పుట్టాడు, తొలి శిష్యులూ యూదులే. సిలువ వేయబడినవాడు మూడో రోజు లేచాడన్న నమ్మకమే వాళ్లను వేరే దారి పట్టించింది. ఆ నమ్మకానికి ఆనవాలు ఒక ఖాళీ సమాధి. యేసు సమాధి ఇదేనని కొందరు నమ్మే, దమస్కు ద్వారం బయటి ఉద్యానవన సమాధి ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, ప్రార్థనకు చక్కటి చోటు. కానీ చరిత్ర ఆధారాలు బలంగా ఉన్నది మాత్రం ఈ చర్చికే.

అమ్మది లూథరన్ సంఘం. సమాధి చర్చి పక్కనే 1898లో ప్రతిష్ఠించిన లూథరన్ చర్చి ఉంది, ఆదివారం ఇంగ్లిషు ఆరాధన జరుగుతుంది. ప్రభువు ప్రార్థన ఎవరి భాషలో వాళ్లు చెప్పుకోమన్నారు. అమ్మ కళ్లు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అని గట్టిగా అందుకుంది. నేనూ గొంతు కలిపాను.