న్యూజెర్సీ పోకర్ రూముల ఉచిత బోనస్‌లు: ఏది తీసుకోవచ్చు, ఏది వదిలేయాలి

నేను ఎడిసన్‌లో ఉంటాను. పిల్లలు పడుకున్నాక కాసేపు ఆన్‌లైన్ పోకర్ ఆడతాను, అదీ ఒక సెంటు, రెండు సెంట్ల టేబుళ్ల మీదే. న్యూజెర్సీలో 2013 నవంబర్ నుంచి ఇది చట్టబద్ధం. 21 ఏళ్లు నిండి, ఆడే సమయంలో రాష్ట్రం లోపలే ఉండాలి. మన్‌హట్టన్ రైలెక్కి నది దాటితే ఆట ఆగిపోతుంది. టోర్నమెంట్ మధ్యలో ప్రయాణం పెట్టుకోకండి.

రూములు, అంటే పోకర్ సైట్లు, ఇచ్చే బోనస్‌లలో నాకు బాగా నచ్చింది ఫ్రీరోల్ టికెట్, అంటే టోర్నమెంట్‌లోకి ఉచిత ప్రవేశం. ఒక్క సెంటు కట్టక్కర్లేదు. మొదట్లో ఏ ముక్కలు పడినా అందరూ ఆల్-ఇన్ అంటారు, అంటే ఉన్న చిప్సన్నీ పందెం పెట్టేస్తారు, పోయేదేమీ లేదు కదా. అప్పుడు ఓపిగ్గా ఫోల్డ్ చేస్తూ (ముక్కలు పడేస్తూ) కూర్చోవాలి. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు) పెరిగి, బహుమతి స్థానాలు దగ్గరపడ్డాకే అసలు ఆట. తక్కువ చిప్స్‌తో ఎప్పుడు తెగించాలో, ఎప్పుడు ఆగాలో నేను నేర్చుకున్నది అక్కడే. గెలిచేది ఒకటి రెండు డాలర్లయినా ఆ అనుభవం విలువైనది.

పేరున్న పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గుసన్ 2006లో సున్నాతో, ఇలాంటి ఫ్రీరోల్స్‌తోనే మొదలుపెట్టి చివరికి 10,000 డాలర్లు చేశాడు. తన దగ్గరున్న మొత్తంలో 5 శాతానికి మించి టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఏ క్యాష్ టేబుల్ మీదా పెట్టకూడదన్నది ఆయన నియమం. ఆయన భాగస్వామిగా ఉన్న ఫుల్ టిల్ట్ అనే పోకర్ సైట్ 2011లో ఆటగాళ్ల డబ్బు తిరిగివ్వలేక చేతులెత్తేసింది, కాబట్టి ఆ మనిషి మీద నాకు గౌరవం లేదు. ఆ నియమాన్ని మాత్రం గట్టిగా పాటిస్తాను.

'మీరు వేసినంత మేమూ వేస్తాం' అనే డిపాజిట్ బోనస్ దగ్గర జాగ్రత్త. ఆ డబ్బు ఒకేసారి చేతికి రాదు. మనం కట్టే రేక్‌ను, అంటే పాట్ (టేబుల్ మీద పోగైన పందెం) నుంచి రూము తీసుకునే కమిషన్‌ను, బట్టి ముక్కలుముక్కలుగా వస్తుంది. ఉదాహరణకు ఒక డాలర్ విడుదల కావాలంటే 5 డాలర్ల రేక్ కట్టాలి అనుకుందాం. రేక్ 5 శాతమైతే డాలర్ పాట్‌కు 5 సెంట్లు. అంటే అలాంటి పాట్లు 100 కావాలి, అదీ ఆ రేకంతా మన ఖాతాలోనే రాస్తే. ఇంతలో గడువు దగ్గరపడుతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది పెద్ద టేబుళ్లకు ఎక్కి, బోనస్‌తో పాటు సొంత డబ్బూ పోగొట్టుకుంటారు. చిన్న టేబుళ్ల వాళ్లు తక్కువ డిపాజిట్‌తో, గడువులోపు నిజంగా విడుదలయ్యేంత బోనస్ తీసుకుంటే చాలు.

ఒక రూము (పేరు వద్దులెండి) ఇచ్చిన టికెట్లు ఆఫీసు వేళల్లో జరిగే టోర్నమెంట్లకే పనికొచ్చేవి. సపోర్ట్‌కు రాస్తే నిబంధనల పేజీ పంపారు. ఆడలేని టికెట్ ఇచ్చి ఉచితం అనడం నాకు నచ్చలేదు.

హైదరాబాద్ నుంచి మా తమ్ముడు రెఫరల్ కోడ్ అడుగుతుంటాడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. దొంగదారి వెతకొద్దని వాడికి గట్టిగానే చెప్పాను.

ఇక్కడున్నవాళ్లు బోనస్ ఒప్పుకునే ముందు చాట్‌లో ఒక్క ప్రశ్న అడగండి: మధ్యలో డబ్బు వెనక్కి తీసుకుంటే మిగిలిన బోనస్ రద్దవుతుందా? అవును అంటే, అవసరానికి కావాల్సిన డబ్బు అందులో వేయకండి.