చీమకుర్తి గ్రానైట్ షెడ్డులో ప్రొఫీబస్: సీమెన్స్ ఫాస్ట్‌కనెక్ట్ కనెక్టర్ రివ్యూ

పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) నుంచి లైన్ పాలిషర్ డ్రైవులకు (మోటార్లను అదుపు చేసే పరికరాలకు) ప్రొఫీబస్ డీపీ, అంటే వాటి మధ్య సమాచారం మోసే రెండు వైర్ల నెట్‌వర్క్, లాగినప్పుడు పని చెడేది సాధారణంగా కేబుల్ మధ్యలో కాదు, కనెక్టర్ లోపల. సీమెన్స్ 90 డిగ్రీల ఫాస్ట్‌కనెక్ట్ ఆ తలనొప్పిని చాలావరకు తగ్గిస్తుంది. ఆర్డర్ నంబర్‌లో 0బీఏ52 అని ఉన్నది మామూలు రకం. 0బీబీ52 అని ఉంటే వెనక ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టుకునే పీజీ సాకెట్ ఉంటుంది.

ఇందులో బాగా నచ్చేది వయరింగ్. స్ట్రిప్పర్‌ని (కేబుల్ తొడుగు తీసే పనిముట్టు) కేబుల్ చుట్టూ తిప్పితే పై తొడుగు, షీల్డ్, వైర్లు ఒక్కోటీ కావలసిన పొడవుకే తెగుతాయి. వైర్ల మీద ఇన్సులేషన్ తీయక్కర్లేదు. ఆకుపచ్చది ఏ, ఎర్రది బీ. మూత నొక్కితే లోపలి బ్లేడు ఇన్సులేషన్‌ని చీల్చి రాగిని పట్టుకుంటుంది. పాలిషర్ అదురుకి వదులయ్యే వైర్ స్క్రూలు ఉండవు. మూత మూసే ముందు మాత్రం ఒక్కసారి దగ్గరగా చూడండి: షీల్డ్ అల్లిక లోహపు పట్టీ మీద పరుచుకుని ఉండాలి, అందులో ఒక్క పోగు కూడా వైర్ల వైపు లేచి ఉండకూడదు. స్ట్రిప్పర్ కొనకుండా కట్టర్ బ్లేడుతో గీస్తే షీల్డ్ సగం తెగిపోతుంది, ఈ కనెక్టర్‌కి పెట్టిన డబ్బు దండగ.

ఎక్కువమంది పొరపడేది కనెక్టర్ మీది బాణం గుర్తుల దగ్గర. లోపలికి వచ్చే కేబుల్‌కి ఏ1, బీ1. బయటికి పోయేదానికి ఏ2, బీ2. టెర్మినేషన్ స్విచ్ (లైను చివర సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా చేసేది) ఆన్ చేస్తే రెసిస్టర్ కలవడమే కాదు, బయటికి పోయే వైపు పూర్తిగా తెగిపోతుంది. అందుకే చివరి డ్రైవు దగ్గర ఉన్న ఒక్క కేబుల్‌ని పొరపాటున బయటి వైపు పెట్టి స్విచ్ ఆన్ చేస్తే ఆ డ్రైవు కనపడకుండా పోతుంది. పీఎల్‌సీ దగ్గరా అంతే, అది లైనుకి ఒక చివర అయితే దాని కేబుల్ కూడా లోపలి వైపే ఉండాలి.

టెర్మినేషన్ సరిచూడటానికి కరెంటు తీసి, కనెక్టర్లన్నీ పరికరాల నుంచి ఊడదీసి, కనెక్టర్‌లోని 3, 8 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెండు చివర్లూ సరిగ్గా ఉంటే 110 ఓములకు కాస్త ఎక్కువగా చూపిస్తుంది. 220 వస్తే ఒక్క చివరే పనిచేస్తోంది. ఈ కొలత రెండు చివర్ల నుంచీ తీయాలి. మధ్యలో ఎవరైనా స్విచ్ ఆన్ చేసి వదిలేస్తే పీఎల్‌సీ వైపు 110 అనే చక్కగా చూపిస్తుంది, అవతలి చివర మాత్రం 220 వచ్చి అసలు సంగతి బయటపడుతుంది.

ఒక లోటు ఉంది, ఇది ఈ తరహా కనెక్టర్లన్నిటిదీ. టెర్మినేషన్‌కి కావలసిన 5 వోల్టులు చివరి పరికరమే ఇవ్వాలి. పాలిషింగ్ హెడ్ రిపేరుకని ఆ డ్రైవు మెయిన్ ఆపితే టెర్మినేషన్ బలహీనపడి, మిగతా డ్రైవులు కూడా ఉండుండి బస్ ఫాల్ట్ (నెట్‌వర్క్ లోపం) చూపించవచ్చు. తరచూ ఆపే యంత్రమే చివర్లో ఉంటే, విడిగా 24 వోల్టుల సప్లయ్‌తో నడిచే యాక్టివ్ టెర్మినేటర్ పెట్టడమే సరైన మార్గం.

12 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం దాకా పనికొస్తుందన్నది నిజమే కానీ ఆ వేగంలో సెగ్మెంట్, అంటే మధ్యలో రిపీటర్ లేకుండా సాగే లైను, 100 మీటర్లు దాటకూడదు. 1.5 ఎంబీపీఎస్‌లో 200 మీటర్లు, 500 కేబీపీఎస్‌లో 400. కటింగ్ నుంచి పాలిషింగ్ దాకా 250 మీటర్లున్న షెడ్డుకి 500 కేబీపీఎస్ పెట్టండి, డ్రైవులకు ఆ వేగం చాలు. ఒక సెగ్మెంట్‌లో రిపీటర్లతో (సిగ్నల్‌ని మళ్లీ బలపరిచి పంపేవి) కలిపి 32 పరికరాలే. మోటారు కేబుల్‌కి కనీసం 20 సెంటీమీటర్లు ఎడంగా లాగండి, దాటాల్సి వస్తే 90 డిగ్రీల కోణంలో అడ్డంగా దాటించండి.

రక్షణ ఐపీ20 మాత్రమే, అంటే నీళ్లకూ సన్నటి దుమ్ముకూ ఆగదు. గ్రానైట్ బురదనీళ్లు చిందే చోట గానీ, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో గానీ బాగా సీల్ చేసిన ప్యానెల్ బయట పెట్టొద్దు. 90 డిగ్రీల రకం కొన్ని డ్రైవుల మీద పక్క సాకెట్‌కి అడ్డం రావచ్చు, కొనేముందే కొలుచుకోండి. రెండు చివర్లకూ 0బీబీ52, మధ్యలో 0బీఏ52 తీసుకుంటే లైను ఆపకుండానే ల్యాప్‌టాప్ తగిలించుకోవచ్చు.